పంపువారు: ధాకూ గురవ్

ఖాజన్‌వాడిలో ధాకూ గురవ్ పడినన్ని కష్టాలు ఇంకెవరూ పడలేదు. విచిత్రమేమిటంటే వాటిలో ఒక్కటి కూడా అతనికి ఉండే వీలు లేదు.

పెళ్లే చేసుకోని మనిషికి కోడలి పోరు. నోట్లో ఒక్క పన్నూ లేని మనిషికి దవడ పన్ను సలుపు. గొడ్డూ గోదా లేని మనిషికి, ఈనిన గేదె దూడను దగ్గరికి రానివ్వడం లేదన్న బెంగ. ప్రతి మంగళవారం సాతేరి అమ్మవారి గుడిలో, ఊరంతా వింటుండగా, డెబ్బై ఎనిమిదేళ్ల ధాకూ ఈ కష్టాలన్నీ గొంతెత్తి చెప్పుకునేవాడు. ఊరు పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వుతూనే "హోయ్ మహారాజా!" అనేది.

అనక తప్పదు మరి. ఆ గుడిలో మొర పెట్టుకునే పద్ధతే అది. సాతేరి అంటే పుట్ట. గర్భగుడిలో మనిషెత్తున ఎర్రమట్టి పుట్ట, దాని ముందు వెండి ముఖం. పుట్ట పెరిగిందని తాతల కాలంలో రెండుసార్లు గోడలు కొట్టి వెనక్కి జరిపారు గానీ, పుట్టమీద చెయ్యి వెయ్యలేదు. ఎవరికి ఏ కష్టమొచ్చినా గురవ్‌తో, అంటే గుడి పూజారితో, చెప్పుకుంటే, అతను వాళ్ల పేరూ తండ్రి పేరూ వాడా చెప్పి, సంగతి అమ్మవారికి విన్నవిస్తాడు. మండపంలో ఉన్నవాళ్లందరూ "హోయ్ మహారాజా!" అని వంత పలకాలి. పలికితేనే అది మొర, లేకపోతే ఉత్త కబురు. అమ్మవారు ఆడమనిషి కదా, మహారాజేమిటి అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అధికారం ఉన్నచోట అడగడం దేనికని కాబోలు.

మొర అయ్యాక కౌలు. ఇది పొలం కౌలు కాదు, అమ్మ మాట. గురవ్ రెండు మందార రేకులు నీళ్లలో తడిపి వెండి ముఖానికి కుడిచెంపన ఒకటి, ఎడమచెంపన ఒకటి అంటిస్తాడు. కుడి రేకు ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. పనస చెట్టు కాపు దగ్గర్నుంచి పిల్లకి సంబంధం దాకా ఊరి సంగతులన్నీ ఆ రెండు చెంపల మీదే తేలేవి. వచ్చినవాళ్ల మొరలన్నీ వరసగా చెప్పాక ధాకూ స్తంభం పట్టుకుని ఒక నిమిషం ఆయాసం తీర్చుకునేవాడు. తర్వాత "అమ్మా, ఇక నాదొక్కటి" అనేవాడు. జనం అప్పటికే నవ్వడానికి సర్దుకుని కూర్చునేవారు.

నవ్వనివాడు ఆ ఊళ్లో ఒక్కడే. మోరేశ్వర్ సామంత్. ముప్పైనాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి, పోస్టుమాస్టరుగా రిటైరై సొంతూరు చేరినవాడు. ఉద్యోగం వదిలింది గానీ ఆ బుద్ధి వదల్లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా "ఉప్పు" అని చీటీ అంటించి, కింద తేదీ వేసేవాడు.

"తేదీ దేనికండీ, ఉప్పేమన్నా పాడవుతుందా?" అంది ఆయన భార్య శేవంతి.

"నువ్వెప్పుడు నింపావో తెలియాలి కదా."

"తెలిసి?"

 మర్నాడు పప్పుల డబ్బాలకీ చీటీలు పడ్డాయి. లోకంలో ప్రతిదానికీ ఒక పంపువారూ ఒక చేరవలసినవారూ ఉండాలని సామంత్ నమ్మకం. అలాంటివాడు ధాకూ మొరలు వింటుంటే ఒళ్లు మండిపోయేది. ఎవరిదో తెలియని కష్టాన్ని తన పేరుతో అమ్మవారికి పంపడం ఆయన దృష్టిలో తప్పుడు చిరునామా కేసు.

ఒక మంగళవారం ఉండబట్టలేక నిలదీశాడు.

"ధాకూ బాబాయ్, నీకు పళ్లున్నాయా?"

"ఎక్కడున్నాయిరా మోరూ, ఊడి పన్నెండేళ్లయింది."

"మరి పన్ను నొప్పి ఎక్కణ్ణించి వచ్చింది?"

"అదే కదా అమ్మనడుగుతున్నాను!" అన్నాడు ధాకూ, బోసినోరంతా తెరిచి.

ఇక ఏమని వాదిస్తాం? సామంత్ గొడుగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ధాకూ కష్టాలు అంతటితో ఆగితే బాగుండేది. ఒక శ్రావణంలో పుట్ట ముందు నిలబడి, "అమ్మా, తార్కర్లీ పిల్లకి మాటిచ్చాను. వాళ్లు చేపలు పట్టేవాళ్లు, మా ఇంట్లో వింటే చంపేస్తారు. ఆ పిల్ల లేకపోతే నేను బతకలేను" అన్నాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి! ఆ రోజు మండపంలో ఒకాయన నవ్వలేక స్తంభానికి తల కొట్టుకున్నాడు. నెల్లాళ్లపాటు ధాకూ టీ దుకాణం ముందు నుంచి వెళ్తే చాలు, లోపల్నుంచి కేకలు.

"తాతా, లగ్గం ఎప్పుడు?"

"అమ్మ కౌలిచ్చింది. మాఘంలో."

"మమ్మల్ని పిలుస్తావా?"

"నన్ను పిలిస్తే, నిన్నూ తీసుకెళ్తాను" అనేవాడు ధాకూ.

మాఘమాసంలో ఊళ్లో ఒక పెళ్లి జరిగిన మాట నిజమే. గుడి కమిటీ అధ్యక్షుడు దళవి గారి చిన్నకొడుక్కీ తార్కర్లీ పిల్లకీ. దళవి గారు మొదట చిందులు తొక్కి, తర్వాత అమ్మవారి మాట అని ఒప్పుకున్నారట. సామంత్ ఆ పెళ్లిలో బొబ్బట్లు మారు అడిగి వేయించుకుని తిన్నాడు. అయినా ఆయనకేమీ తట్టలేదు.

తర్వాత పక్క తడుపుకోవడం. "అమ్మా, నిద్రలో పక్క తడిసిపోతోంది. పెద్దవాణ్ణయ్యాను, సిగ్గుతో చచ్చిపోతున్నాను" అని ధాకూ మొర పెట్టుకున్న ఏడాదంతా ఆయన పక్కన కూర్చోవడానికి జనం వెనకాడారు. "తాతా, పరుపు ఎండేశావా?" అంటే, "ఎండేశాను, ఎండ చాల్లేదు" అనేవాడు. కోపమన్నది ఆయన ముఖంలో ఎవరూ చూడలేదు.

ఆ మధ్య ఇంకో మొర వినబడింది. "అమ్మా, మా ఇంట్లో ఒకాయన పొద్దస్తమానం వంటింట్లోనే నిలబడుతున్నాడు. ఉల్లిపాయ ఇలా తరగాలి, కొబ్బరి అలా తురమాలి అని ఉపదేశాలు. మనిషి మంచివాడే, కానీ ఊపిరాడ్డం లేదు. ఆయనకి బయట ఏదైనా పని చూపించు తల్లీ!" ఒంటరిగా ఉండే ధాకూ ఇంట్లో ఈ ఒకాయన ఎవరు? ఆ రోజు మాత్రం సామంత్ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. ఇంటికెళ్లి, శేవంతి ఉలవ పులుసు కలుపుతుంటే గుమ్మంలో నిలబడి ఆ ముచ్చటంతా చెప్పి, "పాపం ముసలాడికి మతి పోయింది. ఆ గరిటె కాదు, చిన్నది తియ్యి" అన్నాడు.

శేవంతి చిన్న గరిటె తీసింది. 

వారం తిరక్కుండానే సామంత్‌కి బయట పని దొరికింది. గుడి కమిటీ కార్యదర్శి మంచం పట్టడంతో ఆయన్ని వేశారు. అమ్మ మహిమ అంటే అదీ. కానీ ఆ పని ధాకూ మెడకే చుట్టుకుంది. సామంత్ మొట్టమొదట చేసింది మొరల దరఖాస్తు. పేరు, తండ్రి పేరు, వాడ, కష్టం, సంతకం. రెండు ప్రతులు. ఇక మీదట మొరలు నోటిమాటగా కాకుండా ఈ కాగితం చూసి కార్యదర్శి చదవాలనీ, ధాకూ దీపం వెలిగించి రేకులు అంటించడం వరకే చూసుకోవాలనీ కమిటీలో తీర్మానం పెట్టాడు.

"నలభై ఏళ్లుగా చెబుతున్నాడయ్యా" అన్నారు దళవి గారు.

"నలభై ఏళ్లుగా తప్పు చెబుతున్నాడు. తనవి కాని కష్టాలు తనవంటున్నాడు. అమ్మవారి ముందు అబద్ధమాడ్డం కాదా?"

దళవి గారు కిటికీలోంచి బయటికి చూశారు. మిగతా అయిదుగురూ ఎవరి గోళ్లు వాళ్లు చూసుకున్నారు.  చివరికి దళవి గారు, "గురవ్‌ని పెట్టినా తీసినా అమ్మే. వచ్చే మంగళవారం కౌలు అడుగుదాం" అన్నారు.

కౌలు అడగాలంటే గురవే అడగాలి. వెండి ముఖాన్ని ఇంకెవరూ తాకకూడదు. అంటే తనను తీసెయ్యమన్న మొర ధాకూయే చెప్పాలి. ఆ సంగతి చెప్పడానికి సామంత్ మర్నాడు మధ్యాహ్నం గుడికి వెళ్లాడు.

జాతర ఇంకా పది రోజులుంది. పల్లకీ బయటికి తీసి పెట్టారు. ధాకూ మండపంలో చతికిలబడి, పల్లకీ మీద పట్టే వెండి గొడుగును చింతపండుతో తోముతున్నాడు. సామంత్ తీర్మానమంతా నిలబడే చదివి వినిపించాడు. ధాకూ తోమడం ఆపకుండానే విన్నాడు.

"సరే, అడుగుదాం. బాగా అడుగుతాలే, నీకేం దిగులొద్దు."

"కోపం లేదా బాబాయ్?"

"కోపమెందుకు? నీకో కష్టముంది, అది నేనే. చెప్పడం నా పని." ధాకూ గొడుగు పైకెత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "అంతా మెరిసింది గానీ, ఈ సొట్ట మాత్రం పోదురా. పదకొండేళ్లయింది, ఎంతమంది కంసాలులు కొట్టినా మళ్లీ లోపలికే పోతుంది."

ఆ సొట్ట చూడగానే సామంత్ చేతిలోని తీర్మానం మడిచేశాడు. పల్లకీ బొంగు మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు.

పదకొండేళ్ల కిందటి జాతరలో పల్లకీ ముందు బొంగు కుడిపక్క సామంత్, ఎడమపక్క బాబ్లో గావడే. ఎడమ బొంగు గావడేల ఇంటి మర్యాద, తరతరాలుగా వాళ్లదే. రావిచెట్టు మలుపు దగ్గర పల్లకీ ఒక్కసారిగా ఒరిగి గొడుగు రాళ్ల మీద పడింది. జనమంతా బాబ్లో వైపు చూశారు. బాబ్లోకి కొబ్బరి కల్లు అలవాటుందని అందరికీ తెలుసు. ఆ రోజు తాగలేదని వాడు ఎంత మొత్తుకున్నా వినలేదు. గావడేల బొంగు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆనాటి నుంచి బాబ్లో గుడి మెట్లెక్కలేదు. పల్లకీ వచ్చేటప్పుడు టీ దుకాణంలో కూర్చుని గోడవైపు తిరిగేవాడు.

"బాబ్లో కాదు బాబాయ్" అన్నాడు సామంత్.  "మా పెద్దాఫీసరు ఆ రోజు జాతరకి వచ్చాడు. అమ్మవారి పల్లకీ నేను మోస్తున్నానని చూశాడో లేదోనని మెడ తిప్పాను. కాలు జారింది. అందరూ బాబ్లోని అంటుంటే నోరు మూసుకున్నాను. కిందటేడు వాడు బొంగు తిరిగిమ్మని అర్జీ పెడితే, వీల్లేదని జవాబు రాయడంలో కమిటీకి సాయం చేసింది కూడా నేనే. ఇక్కడెవరూ లేరు కదా, అమ్మకి మెల్లిగా చెప్పుకుని పోదామని..."

"మెల్లిగా చెబితే అమ్మకి వినబడదురా. పుట్టకి చెవులెక్కడివి? జనం హోయ్ అంటేనే వినబడేది."

"ఊరి ముందు చెప్పలేను. చచ్చిపోతాను."

"ఇంతేనా?" అన్నాడు ధాకూ. సామంత్‌కి అర్థం కాలేదు. ధాకూ చెయ్యి చాచాడు. "కాస్త లేవదియ్యి. కాలు తిమ్మిరెక్కింది."

సామంత్ లేవదీశాడు. ముసలాయన మోకాళ్లు ఎండిన కొమ్మల్లా టకటకమన్నాయి. ముఖం ఒక్క క్షణం నల్లబడింది. వెంటనే నవ్వేసి, గొడుగు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు.

మంగళవారం వచ్చేసరికి సామంత్‌కి నిజంగానే జ్వరం తగిలింది. ధాకూ నోట్లో మాట దాగదు, ఇవాళ తన బతుకంతా మండపంలో పరుస్తాడని ఆయన భయం. "నేను రాను, ఒళ్లు వెచ్చగా ఉంది" అన్నాడు. శేవంతి నుదురు తాకి చూసి, "ఉప్పు డబ్బా మీద తేదీ మార్చేటంత ఓపికుంది కదా పొద్దున. పదండి" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ధాకూని తీసేస్తున్నారని వాడవాడలా తెలిసిపోయింది. మండపం కిక్కిరిసింది. గుమ్మం అవతల, చెప్పులు వదిలేచోట, తల మీద తుండు కప్పుకుని బాబ్లో గావడే కూడా నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి. సామంత్ వాణ్ణి చూసి స్తంభం వెనక్కి జరిగాడు.

ధాకూ ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. ఒకామె పనస చెట్టు. ఒకాయన పెరటి హద్దు మీద పాము. హోయ్ మహారాజా, హోయ్ మహారాజా. అయ్యాక స్తంభం పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు.

"అమ్మా, ఇక నాదొక్కటి. పదకొండేళ్ల కిందట నీ పల్లకీ ఒరగేసింది నేనే. బాబ్లో గావడే కాదు."

 మండపం పైకప్పు లేచిపోయేటంత నవ్వు.

"తాతా, నువ్వు ముందు దివిటీ పట్టుకుని నడుస్తున్నావు కదా! పల్లకీ ఎలా ఒరిగింది?"

"అదే కదా అమ్మనడుగుతున్నాను! ఎవరో పెద్దమనిషి నన్ను చూస్తున్నాడో లేదోనని మెడ తిప్పాను తల్లీ. గొప్పకి పోయాను. కాలు జారింది. నింద బాబ్లో మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. ఆ పాపం నాది. క్షమించు!"

"హోయ్ మహారాజా!" అంది ఊరు, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

సామంత్ నవ్వలేదు.  పన్ను నొప్పి, కోడలి పోరు, గేదె, తార్కర్లీ పిల్ల, తడిసిన పరుపు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి, ముప్పైనాలుగేళ్లు ఉత్తరాలు వేరు చేసిన ఆ బుర్రలో ఎక్కడివక్కడ గూళ్లలో పడిపోయాయి. దళవి గారి చిన్నకొడుకు, పెళ్లాం పక్కన నిలబడి, తల వంచుకుని ఉన్నాడు. పక్క తడిపింది ఎవరో కూడా ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. ఆ పేరు సామంత్ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు, మనమూ అడగకూడదు. వంటింట్లో నిలబడి ఉపదేశాలిచ్చే ఆ ఒకాయన... సామంత్ మెల్లిగా ఆడవాళ్ల వైపు తిరిగాడు. శేవంతి ఆయన్నే చూస్తోంది. చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్నాళ్లూ తప్పుడు చిరునామా అనుకున్నాడు. కాదు. చేరని ఉత్తరం పంపినవాడి ఇంటికే తిరిగొస్తుందని పోస్టుమాస్టరుకి తెలియంది కాదు. ఊరందరి ఉత్తరాల మీదా పంపువారి దగ్గర ధాకూ తన పేరే రాసుకున్నాడు. తిరిగొచ్చే నవ్వులూ ఎగతాళీ అన్నీ తన గుమ్మంలోనే పడేలా. ఎవరికి వాళ్లు తమ ఒక్క మొరే అలా ధాకూ పేరు మీద వెళ్లిందనుకుని, మిగతావాటికి హాయిగా నవ్వుకున్నారు. అలాంటి మనిషిని తీసెయ్యమని తను రెండు ప్రతుల్లో రాసిచ్చాడు. సామంత్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో ధాకూ గొంతు మళ్లీ లేచింది.

"అమ్మా, ఇప్పుడు కమిటీ వారి మొర. ధాకూ గురవ్ అనే ముసలాడొకడున్నాడు, భివా గురవ్ కొడుకు, గుడి వాడ. వాడికి మొర చెప్పడం చాతకావడం లేదు. మతి తప్పింది. తనవి కానివి తనవంటున్నాడు. వాణ్ణి తప్పించి కాగితం చూసి చదివేవాళ్లని పెట్టుకుంటామంటున్నారు. నిజం తేల్చి కౌలియ్యి తల్లీ!"

జనం పలకలేదు.

ధాకూ కాసేపు చూసి వెనక్కి తిరిగాడు. "ఏంటి? అనండి."

ఎవరూ అనలేదు. నిమిషం కిందట పొట్టలు పట్టుకున్నవాళ్లు స్తంభాలు చూస్తున్నారు, దూలాలు చూస్తున్నారు. ప్రతివాడూ నోరు విప్పితే తనొక్కడే దొరికిపోతానన్నట్టు నిలబడ్డాడు.

"నోట్లో బియ్యం పోసుకున్నారా? మీరు హోయ్ అనకపోతే అది మొర కాదు. నలభై ఏళ్లలో నా మొర ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. అమ్మ ముందు నా పరువు తియ్యకండర్రా! దళవీ, నువ్వను."

"నాకు గొంతు బాగోలేదు తాతా" అన్నారు దళవి గారు.

"మోరూ! తీర్మానం నీదే కదరా. నువ్వన్నా అను."

ఊరంతా సామంత్ వైపు తిరిగింది. ఆయన స్తంభం వెనక నుంచి బయటికొచ్చాడు. జేబులో దరఖాస్తు ఉంది. అది తీసి నాలుగు మడతలు పెట్టి, చేతిలో నలిపేసి, పుట్టకేసి చూశాడు.

"పంపువారు," అన్నాడు. అలవాటు కొద్దీ అలాగే వచ్చింది. "మోరేశ్వర్ సామంత్, కేశవ్ సామంత్ కొడుకు, వరచి వాడ. అమ్మా, మెడ తిప్పింది ధాకూ బాబాయ్ కాదు. నేను. కాలు జారింది నాది. బాబ్లో ఆ రోజు చుక్క ముట్టలేదు. నాకు తెలిసే పదకొండేళ్లు ఊరుకున్నాను."

 సామంత్ తల దించుకుని నిలబడ్డాడు. ఊరు హోయ్ అనకపోతే ఇది మొర కాదు, ఉత్త కబురు. అనడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

అప్పుడు గుమ్మం అవతల నుంచి, చెప్పులు వదిలేచోటు నుంచి, బొంగురుగా ఒక గొంతు వినబడింది.

"హోయ్ మహారాజా!"

బాబ్లో. తుండు తల మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. వాడు అన్నాక ఇక ఊరు ఆగలేదు. పుట్ట మీంచి మట్టి రాలేటట్టు అరిచింది. శేవంతి గొంతు అన్నిటికంటే పైన వినబడింది.

ఆ గోలంతా అణిగాక, కోపం తెచ్చుకున్నవాడు ధాకూ ఒక్కడే. "మొర చెప్పాల్సింది గురవ్. నువ్వెవడివిరా నా మొర ఎత్తుకుపోవడానికి? అదీ సరిగ్గా చెప్పావా? చివర్లో క్షమించమనడం మర్చిపోయావు!"

"నువ్వు చెప్పు బాబాయ్" అన్నాడు సామంత్.

ధాకూ సామంత్ మొర మళ్లీ మొదటి నుంచి చెప్పి, చివర్లో క్షమించమన్నాడు. రేకులు అంటించాడు. ఆయన చెయ్యి తీసీ తియ్యకముందే కుడి రేకు రాలింది.

తీర్మానం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జాతర రోజున ముందు బొంగు ఎడమపక్క బాబ్లో భుజం పెట్టాడు. కుడిపక్కకి సామంత్ రానన్నాడు. "మీరు లేకపోతే నేనెవరిమీద నిఘా పెట్టాలి మాస్టారూ, రండి" అని బాబ్లోయే లాక్కొచ్చాడు. రావిచెట్టు మలుపు దగ్గర, "మాస్టారూ, మెడ!" అన్నాడు. సామంత్ మెడ చెక్కలా బిగించి, చూపు దివిటీ మీంచి తిప్పకుండా మలుపు దాటాడు.

అలా దివిటీని చూస్తూ నడవడం వల్లే ఆయనకి ఇంకో సంగతి కనబడింది. దివిటీ పట్టుకున్న ధాకూ ప్రతి పది అడుగులకీ ఏదో చెట్టునో గోడనో పట్టుకుంటున్నాడు. గుడికి చేరాక ఎవరూ చూడ్డం లేదనుకుని గర్భగుడి గడపని రెండు చేతులతో పట్టుకుని దాటాడు. నలభై ఏళ్లుగా ఊరి కష్టాలన్నీ తనవని చెప్పుకున్న మనిషి తన సొంత కష్టం ఒక్కటీ చెప్పుకోలేదని సామంత్‌కి అప్పుడు తట్టింది. అమ్మ ముందు కూర్చోలేని గురవ్‌ని ఎవరు ఉంచుకుంటారని భయం కాబోలు.

జాతర తర్వాత వచ్చిన మంగళవారం మొరల వరసలో సామంత్ కూడా నిలబడ్డాడు.

"మోరేశ్వర్ సామంత్, కేశవ్ సామంత్ కొడుకు, వరచి వాడ. చెప్పరా, ఏంటి నీ మొర?"

"మోకాళ్లు బాబాయ్."

"మోకాళ్లకేమైంది?"

"అరిగిపోయాయి. గడప దాటలేకపోతున్నాను. పుట్ట ముందు కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఎవరితోనైనా చెబితే పనికిరాడంటారని సిగ్గేసి చెప్పుకోలేదు."

ధాకూ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. సామంత్ వైపు చూశాడు. సామంత్ దూలాలు చూస్తున్నాడు.

"మాస్టారూ!" అని గుంపులోంచి బాబ్లో అరిచాడు. "మొన్న నాతోపాటు పల్లకీ మోశారు, పొద్దున్న వాగుదాకా పరిగెత్తారు. మోకాళ్లు అరగడమేమిటి?"

"అదే కదా అమ్మనడుగుతున్నాను!" అన్నాడు సామంత్.

ఊరు పగలబడి నవ్వింది. మాస్టారికి ముసలాడి జబ్బు తగులుకుందని ఎవరో అన్నారు. ధాకూ నవ్వలేదు. చివరికి చెప్పాడు, ప్రతి మాటా, సిగ్గుతో సహా, చాలా మెల్లిగా. వినబడలేదని ఊరు మళ్లీ చెప్పించింది. తర్వాత పలికిన హోయ్ మహారాజా వాగు అవతలికి వినబడిందంటారు. కుడి రేకు రాలింది.

తర్వాతి వారానికి గర్భగుడిలో, పుట్ట పక్కన, ఎత్తయిన పనస చెక్క పీట ఒకటి వచ్చి చేరింది. బాబ్లో చేశాడు. దాని కింద సామంత్ చీటీ అంటించి, తేదీ వేశాడు.

ధాకూ ఇప్పటికీ ఆ పీట మీదే కూర్చుని రేకులు తడుపుతాడు. ఎవరైనా అడిగితే విసుక్కుంటాడు. "ఏం చెయ్యను? మోరూ మోకాళ్లకని అమ్మ ఇప్పించిన పీట ఇది. వాడేమో కూర్చోడు. చివరికి నేనే కూర్చోవాల్సొస్తోంది."